గోరంత పసుపు

మా ఆయన గోళ్ళు పసుపు.
పెళ్ళినాటి నుంచీ అంతే.
మిఠాయి ఫ్యాక్టరీలో రంగుల గది ఆయనది.
నిమ్మకాయ ముఖం చూడని నిమ్మబిళ్ళలకు
డబ్బాలోంచి పసుపు తూచి ఇచ్చే పని.
బ్రష్షుతో రుద్దినా, బ్లీచులో ముంచినా పోదు.
వేల్స్ తీరాన మా చిన్న ఊళ్ళో
చేతులు చూసే చెప్పేస్తారు, ఏ షిఫ్టు మనిషో.

గెథిన్ మాకు ఒక్కడే. ఏడేళ్ళు.
కాలుగాలిన పిల్లి కూడా ఒక్కోసారి పడుకుంటుంది.
ఒక బూటు బస్సులో, ఒక బూటు బడిలో.
మాట సగంలో ఇంకో మాట,
ఆ మాట సగంలో కిటికీ,
కిటికీలో సముద్రపు కాకి,
దాని వెనకాల వీడు,
గోడ దూకి, రోడ్డు దాటి.
డాక్టరు ఏడీహెచ్‌డీ అని రాసిచ్చిన రోజు
కారులో కూర్చుని అక్షరాలు లెక్కపెట్టాను.
నాలుగు.
వాణ్ణి పట్టి ఉంచడానికి నాలుగెక్కడ సరిపోతాయి?

"రెండు తగిలిస్తే దారికొస్తాడు" అంది మా అత్త మావిస్.
"ఆ రంగుల వల్లే అంతా" అంది పక్కింటి సియాన్.
అని, నాలుక కరుచుకుంది.
సింకు దగ్గర మా ఆయన
చేతులు కడుక్కుంటున్నాడు.

ఆస్పత్రి నర్సు హెలెడ్ ఆరు పెట్టెలిచ్చింది, వారానికొకటి.
పెట్టెకు ఏడు నల్ల సీసాలు, రోజుకొకటి.
కొన్ని వారాల రసంలో రంగులు కలిపారు, కొన్నిట్లో లేదు.
రుచి ఒకటే, మూత ఒకటే.
ఏది ఏదో ఆమెకీ తెలియదట.
ఇంట్లో రంగు తిళ్ళన్నీ మానేయాలి,
నేను చూడాలి, చూసింది రాయాలి.

రెండో వారం, సోమవారం:
సాసుతో గోడ మీద ఓడ గీశాడు. తెరచాపలతో సహా.
గురువారం: వాడు పదకొండున్నరకు పడుకున్నాడు. నేను రెండింటికి.
నాలుగో వారం, శనివారం:
రాళ్ళకు అతుక్కున్న చిప్పల్ని లెక్కపెట్టాడు,
రెండు గంటలు, కదలకుండా.
నూట నలభై మూడు.
నేను గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు.
ఐదో వారం, మంగళవారం:
ప్లేటు పగిలింది.
(పగలగొట్టింది నేను. అది రాయలేదు.)

ఒక రాత్రి సీసాను దీపానికి అడ్డంపెట్టి చూశాను.
నలుపు.
సీసాలో ఏముందో తెలియదు గానీ
నా పెన్నులో అనుమానం ఉందని తెలిసింది.
మంచి రోజుకు ఒక్క వరస రాసేదాన్ని,
చెడ్డ రోజుకు పేజీ.

ఉత్తరం వచ్చింది.
రంగులున్నవి రెండు, నాలుగు వారాలు.
ఓడ గీసిన వారం. సరే.
చిప్పలు లెక్కపెట్టిన వారం కూడానా?
మరి ఐదోది?
ఏ రంగూ లేని ఐదోది?
ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేస్తారని పుకారొచ్చి
వంటింట్లో మేం గొంతు తగ్గించి పోట్లాడుకున్న వారమది.
గొంతు తగ్గిస్తే పిల్లలకు ఇంకా బాగా వినపడుతుంది.

"కొందరు పిల్లల్లో తేడా కనిపిస్తుంది," అంది హెలెడ్,
"కొందరిలో కనిపించదు. అందరినీ కలిపి చూస్తే గోరంత.
మీ వాడి సంగతి ఆరు వారాల్లో తేలేది కాదు."
గోరంత.
అదెంతో నన్నడుగు, తల్లీ.
పదకొండేళ్ళుగా ఆ గోళ్ళ పక్కనే నిద్రపోతున్నాను.

మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు.
లేచి వెళ్ళి కుళాయి తిప్పాడు.
చేతులు మాత్రం నీళ్ళ కింద పెట్టలేదు.
నేనే వెళ్ళి కట్టేశాను.

రంగు సాసు మళ్ళీ కొనలేదు.
నిమ్మబిళ్ళల డబ్బా పారేయనూ లేదు,
పై అరలో ఉంది, నాకు కూడా స్టూలు కావాలి.

"అమ్మా, పరీక్షలో నేను పాసయ్యానా?"
అడిగాడు గెథిన్.
జవాబు వినకుండానే కాకి వెనకాల పోయాడు.
వాడి వెనకాల వాళ్ళ నాన్న.
గుమ్మంలో చూశాను.
ఇవాళ రెండు బూట్లూ కాళ్ళకే ఉన్నాయి.